ఇంట్లోనే మొదటి కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలి – ఈ రెండు కొటేషన్లలో ఏది?

నల్లరేగడి (ప్రశ్న)

నమస్కారం అండీ. ఖమ్మంలో మా ఇంటికి డెస్క్‌టాప్ కావాలి. విడిభాగాలు కొని మేమే బిగించుకుందామని ఆలోచన. చేయాల్సిన పనులు ఇవి: తమ్ముడిది బీటెక్ రెండో ఏడు, ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్) ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచేది) సహా నడవాలి. వదిన ఫోన్‌లో తీసే వంటల వీడియోలు 1080పీలో ఎడిట్ చేయాలి. సెలవుల్లో గేమ్స్. మానిటర్ ఉంది, 24 అంగుళాలు, హెచ్‌డీఎంఐ. గ్రాఫిక్స్ కార్డుకి ఇప్పుడు డబ్బు చాలదు, ఆరేడు నెలల తర్వాత కొంటాం.

షాపులో రెండు కొటేషన్లు ఇచ్చారు.

మొదటిది: ఐ7 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కలిపి క్యాబినెట్.

రెండోది: రైజెన్ 5 5600, ఏ520 బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్ఎస్‌డీ), అదే క్యాబినెట్, అదే ఎస్ఎంపీఎస్. ఇది మొదటిదానికి దాదాపు రెట్టింపు ధర.

ఐ7 ఉన్నది తక్కువకే వస్తోంది కదా, అది తీసుకోవచ్చా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి యూపీఎస్ అక్కర్లేదన్నారు, అది నిజమేనా? ఎండాకాలం మా గది బాగా వేడెక్కుతుంది, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

తీగలమూట

రెండూ వద్దండీ. కారణాలు మాత్రం వేరువేరు.

మొదటి దాంట్లో "ఐ7" తర్వాత ఏ నంబరూ లేదు. ఆ నంబరు లేని కొటేషన్‌ని నమ్మకూడదు. అయితే బోర్డు పేరే గుట్టు చెప్పేస్తోంది. హెచ్81 అంటే ఇంటెల్ 4వ తరం, అంటే 2013 కాలపు చిప్. 4 కోర్లు, 8 థ్రెడ్‌లు, డీడీఆర్3 ర్యామ్, రెండే స్లాట్లు, 16 జీబీకి మించి పట్టదు. విండోస్ 11కి ఇంటెల్ వైపు 8వ తరం నుంచే అధికారిక మద్దతు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. పాత ఆఫీసు మెషీన్ల నుంచి తీసిన ప్రాసెసర్‌ని, పేరు తెలియని కంపెనీ కొత్తగా చేసిన బోర్డు మీద పెట్టి "కొత్త ఐ7" అని అమ్మడం మార్కెట్లో మామూలే. ఇప్పటి ఐ3 కూడా దానికంటే వేగం. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే తరం లోపలి మెట్లు. తరాలు మారితే వాటిని పోల్చకూడదు.

రెండోదాంట్లో భాగాలు మంచివే, కానీ అలాగే కొంటే తెర మీద ఏమీ రాదు. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు. బోర్డుకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, కేబుల్ కూడా చక్కగా పడుతుంది, బొమ్మ మాత్రం రాదు. చివర "జీ" ఉన్న 5600జీలో గ్రాఫిక్స్ ఉంటుంది. ఇంటెల్‌లో ఇది తిరగబడుతుంది: 12400లో గ్రాఫిక్స్ ఉంది, 12400ఎఫ్‌లో లేదు. ఒక్క అక్షరమే తేడా, బిల్లు వేయించేముందు దాన్ని వేలు పెట్టి చదవండి.

మీ పనులకు నేను చెప్పేది రైజెన్ 5 7600. 6 కోర్లు, 12 థ్రెడ్‌లు. అందులో చిన్న గ్రాఫిక్స్ ఉంది. గేమ్స్‌కి చాలదు గానీ కోడింగ్‌కి, 1080పీ ఎడిటింగ్‌కి, తెర వెలగడానికి ఏ లోటూ ఉండదు. ఆరు నెలలు అలా నడిపి తర్వాత కార్డు పెట్టుకోవచ్చు. ఇంకాస్త పెద్ద గ్రాఫిక్స్ ఉన్న 8600జీ తీసుకుంటే కార్డు లేకుండానే చిన్న గేమ్స్ ఆడొచ్చని ఎవరైనా చెప్పొచ్చు, అదీ నిజమే. కానీ దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 7600ది 32 ఎంబీ. కార్డు కొనే ఉద్దేశం ఖాయంగా ఉంటే 7600 వైపే ఉండండి.

బోర్డు: బీ650ఎం. ప్రాసెసర్ పక్కన వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సర్ది ఇచ్చే భాగాలు) మీద హీట్‌సింక్ ఉన్నదే తీసుకోండి. వెనక బయోస్ (బోర్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఇంకా మంచిది. రేపు కొత్త తరం ప్రాసెసర్ పెట్టాలంటే పాత ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకోవచ్చు.

ర్యామ్ దగ్గరే అసలు తలనొప్పి. డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్నుంచి ధరలు బాగా పెరిగాయి. 32 జీబీ కొనగలిగితే 16 జీబీవి రెండు, డీడీఆర్5-6000 (వేగం), సీఎల్30 (స్పందనలో ఆలస్యం), ఎక్స్‌పో (ఆ వేగాన్ని ఆన్ చేసే ఏఎండీ సెట్టింగ్) అని రాసి ఉన్న జత. డబ్బు చాలకపోతే 16 జీబీది ఒక్కటి పెట్టి, రెండోది తర్వాత అదే పార్ట్ నంబరుతో కలపండి. 8 జీబీవి రెండు మాత్రం వద్దు. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్స్‌కి వాడే చిప్‌లలో బ్యాంక్ గ్రూపులు (చిప్ లోపలి మెమరీ విభాగాలు) సగమే ఉంటాయి, కాబట్టి వేగం తగ్గుతుంది. పైగా 32 చేయాలంటే రెండూ తీసి పక్కన పడేయాలి. "నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా, ఇంకో రెండు కలుపుదాం" అనుకోకండి. ఈ ప్రాసెసర్‌తో నాలుగు స్టిక్స్ పెడితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే.

ఎస్ఎస్‌డీ 1 టీబీ, జెన్4 ఎన్‌వీఎంఈ. డీరామ్ (ఎస్ఎస్‌డీకి సొంతంగా ఉండే చిన్న మెమరీ) లేని రకమైనా ఈ పనులకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, రెండు మూడు ఎమ్యులేటర్లు, కొన్ని వారాల వీడియోలు కలిస్తే 512 ఇట్టే నిండిపోతుంది.

రాగితీగ

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. ఎస్ఎంపీఎస్, కరెంటు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతాను. మన ఇళ్లలో కంప్యూటర్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే "450 వాట్ల" ఎస్ఎంపీఎస్ తీసుకోకండి. దాని పక్కన అంటించిన స్టిక్కర్ చదవండి. ఇప్పటి ప్రాసెసర్, కార్డు రెండూ తాగేది 12 వోల్టుల లైను నుంచే. ఆ లైను ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లే రాసి ఉంటే వచ్చేది 216 వాట్లు, మిగతా అంకె అట్ట మీదే. మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఒక్క 12 వోల్టుల లైనే 500 వాట్ల పైచిలుకు ఇస్తుంది.

మీకెంత కావాలో లెక్క వేద్దాం. 7600 ఎంత గుంజినా 88 వాట్లు. రేపు ఆర్టీఎక్స్ 5060 పెడితే 145. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 50–60. మొత్తం 300 లోపే. కాబట్టి పేరున్న కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్, 5 ఏళ్ల వారంటీ ఉన్నది చాలు. 750 అవసరం లేదు. ఒక్క మాట: 80 ప్లస్ అన్నది కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పే గుర్తు, లోపలి భాగాల నాణ్యతకు హామీ కాదు. అందుకే వారంటీ ఏళ్లు కూడా చూడమంటున్నాను.

ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదన్నది సగం నిజం. రెండు విషయాలు చూడాలి. ఒకటి, మీది ప్యూర్ సైన్‌వేవా (మెయిన్స్ కరెంటులాంటి నున్నని అల), స్క్వేర్‌వేవా (మెట్లలాంటి అల)? ఇప్పటి ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సమంగా తీసుకునే సర్క్యూట్) ఉంటుంది. స్క్వేర్‌వేవ్ మీద అవి గుయ్యిమంటాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. రెండు, కరెంటు పోయాక బ్యాటరీ మీదకి మారడానికి పట్టే సమయం. ఎస్ఎంపీఎస్ తనలో దాచుకున్న కరెంటుతో ఫుల్ లోడు మీద దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ వెనక ఒక స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు, యూపీఎస్ మోడ్‌లో 10–15. ఆ స్విచ్ యూపీఎస్ వైపు ఉంచండి. ప్యూర్ సైన్‌వేవ్ ఉండి, ఆ మోడ్‌లో నడిస్తే విడిగా యూపీఎస్ లేకపోయినా ఫర్వాలేదు. స్క్వేర్‌వేవ్ అయితే కంప్యూటర్ ప్లగ్గుని ఇన్వర్టర్ లైను నుంచి తప్పించి యూపీఎస్ పెట్టాలి. 600 వీఏ అని రాసి ఉండే చిన్నది నిజానికి ఇచ్చేది 360 వాట్లు. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. 150 వాట్ల లోడు మీద 10–15 నిమిషాలు, ఫైలు సేవ్ చేసి మూయడానికి చాలు. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి.

అన్నిటికంటే ముందు ఎర్తింగ్. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. ఫేజ్–న్యూట్రల్ 230 దగ్గర, ఫేజ్–ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ 3 వోల్టుల లోపు. ఫేజ్–ఎర్త్ సున్నా చూపినా, అటూ ఇటూ ఊగినా ఆ మూడో రంధ్రం వెనక వైరు లేదన్నమాట. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఒక్కో చిన్న కెపాసిటర్ క్యాబినెట్ లోహానికి కలిసి ఉంటుంది. ఎర్త్ లేకపోతే ఆ లోహం మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా స్వల్పం గనుక ముట్టుకుంటే జివ్వుమంటుంది, అంతే. కానీ అదే వోల్టేజీ హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుల్ పెట్టేటప్పుడు పోర్టుల్లోకి దిగుతుంది. "కంప్యూటర్ షాక్ కొడుతోంది" అని ఎస్ఎంపీఎస్ మార్చేవాళ్లున్నారు. తప్పు గోడలో ఉంటే ఎస్ఎంపీఎస్ మార్చి ఏం లాభం? ఎర్త్ గుంత ఉండి కూడా రీడింగ్ చెడితే, ఎండాకాలంలో గుంత ఎండిపోయి ఉంటుంది. నీళ్లు పోసి మళ్లీ కొలిపించండి.

మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ ఎప్పుడూ తగిలించకండి. స్పైక్ బస్టర్ కూడా ఎర్త్ ఉంటేనే తన పని పూర్తిగా చేస్తుంది.

వేపకొమ్మ

తీగలమూట గారి 7600 సలహాకి కాస్త అడ్డొస్తాను. వీడియో ఎడిటింగ్ ఉంది, కార్డు ఆరు నెలల తర్వాత, ర్యామ్ ధర భారం. ఈ మూడూ కలిపి చూస్తే ఐ5 12400 కూడా పరిగణించాలి. ఇదీ 6 కోర్లు, 12 థ్రెడ్‌లే. ఇందులోని క్విక్‌సింక్ (ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని వీడియో విభాగం) ఫోన్ వీడియోల డీకోడింగ్‌ని బాగా తేలిక చేస్తుంది. డీడీఆర్4 బోర్డులూ దొరుకుతాయి, బంధువుల ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్స్ ఉంటే వాడుకోవచ్చు. 2024లో బయటపడ్డ, ఇంటెల్ చిప్‌లు పాడయ్యే వోల్టేజీ సమస్య 13, 14 తరాల పైస్థాయి చిప్‌లది, 12400ది కాదు. ఒక లోటు మాత్రం ఒప్పుకుంటాను: ఆ సాకెట్ 14వ తరంతో ఆగిపోయింది. తర్వాత ప్రాసెసర్ పెంచాలంటే బోర్డు కూడా మార్చాలి. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్‌కి ఏఎండీ 2027 దాకా మద్దతు ప్రకటించింది. ఐదారేళ్లు ఏమీ మార్చకుండా వాడేసేవాళ్లకి 12400, మధ్యలో పెంచుకుంటూ పోయేవాళ్లకి 7600.

ఇక వేడి. ప్రాసెసర్ వేడిని గది వేడికి పైన లెక్కించాలి. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలబడేది, 42 డిగ్రీల గదిలో 92 దగ్గరికి వస్తుంది. 7600 హద్దు 95. కాలిపోదు గానీ అక్కడికి చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పెట్టెలో వచ్చే చిన్న కూలర్ చలికాలంలో సరిపోతుంది. ఖమ్మం మే నెలలో ఎమ్యులేటర్, వీడియో ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే దాని ఫ్యాన్ అరుస్తుంది. 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న ఒంటి టవర్ కూలర్ పెట్టండి. లిక్విడ్ కూలింగ్ మీ లోడుకి దండగ. టవర్ ఎత్తు సాధారణంగా 150–160 ఎంఎం, క్యాబినెట్ వివరాల్లో "కూలర్ ఎత్తు" అంతకంటే ఎక్కువ ఉండాలి. కార్డు పొడవు ఎంతదాకా పడుతుందో కూడా అక్కడే రాసి ఉంటుంది.

ముందు భాగం గాజుతో మూసేసిన క్యాబినెట్ అందంగా కనిపిస్తుంది కానీ గాలి ఆడదు. జాలీ ముఖం ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికి వచ్చేది ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము పీల్చదు, ఫిల్టర్ గుండానే వస్తుంది. ఫ్యాన్ పక్కన బాణం గుర్తు లేకపోతే, నాలుగు పట్టీల చట్రం కనిపించే వైపు నుంచి గాలి బయటికి పోతుందని గుర్తు. నేల మీద పెట్టకుండా అడుగు ఎత్తున ఉంచండి. ఫిల్టర్‌ని నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి.

నల్లరేగడి

అందరికీ ధన్యవాదాలు అండీ. 5600లో డిస్‌ప్లే రాదన్న సంగతి తెలియకుండా కొనేసేవాళ్లం. ఎలక్ట్రీషియన్ కొలిస్తే న్యూట్రల్–ఎర్త్ 1.4 వచ్చింది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌కి మార్చాం.

మార్చిన జాబితా: రైజెన్ 5 7600, హీట్‌సింక్ ఉన్న బీ650ఎం, 16 జీబీ డీడీఆర్5-6000 ఒకటి (రెండోది తర్వాత), 1 టీబీ జెన్4, 550 వాట్ల బ్రాంజ్, జాలీ క్యాబినెట్, టవర్ కూలర్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి కొందామనుకుంటున్నాం. కొనేటప్పుడు ఏం చూడాలి, బిగించేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

తీగలమూట

జాబితా బాగుంది. వెళ్లేముందు ఒక్కో భాగం పూర్తి మోడల్ నంబరు కాగితం మీద రాసుకోండి. "అది లేదు, దీనికి సమానమైనది ఇస్తాం" అన్నప్పుడు ఆ కాగితమే కాపాడుతుంది. జీఎస్టీ బిల్లు తీసుకోండి, 18 శాతం పన్ను తప్పించుకుందామంటే వారంటీ దగ్గర పట్టుబడతారు. బిల్లులో ఒక్కో భాగం సీరియల్ నంబరు వేయించండి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోదే కావాలి, విడి చిప్ వద్దు. బోర్డు పెట్టె అక్కడే తెరిపించి, సాకెట్ మీద మూత పక్కకి జరిపి ఫోన్ వెలుతురులో పిన్నులు చూడండి. అన్నీ ఒకే వాలులో మెరవాలి. ఎక్కడైనా ఒక్కటి వేరుగా మెరిస్తే అది వంగినట్టే. ఇంటికి తెచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

బిగించడానికి నంబర్ 2 స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, ఎం.2 (ఎస్ఎస్‌డీ పెట్టే స్లాట్) స్క్రూకి చిన్నది ఒకటి. కూర్చునేముందు ఎస్ఎంపీఎస్‌ని క్యాబినెట్‌లో పెట్టి, ప్లగ్గు గోడకే ఉంచి, గోడ స్విచ్, ఎస్ఎంపీఎస్ స్విచ్ రెండూ ఆపేయండి. గోడ స్విచ్ తెంచేది ఫేజ్‌నే, ఎర్త్ కలిసే ఉంటుంది. రంగు లేని క్యాబినెట్ లోహాన్ని మధ్యమధ్యలో ముట్టుకుంటూ ఉంటే ఒంట్లో స్టాటిక్ దిగిపోతుంది.

బోర్డుని దాని అట్టపెట్టె మీదే ఉంచి మొదలుపెట్టండి. ప్రాసెసర్ మూల మీది త్రిభుజం, సాకెట్ మూల మీది త్రిభుజం కలవాలి. నొక్కకూడదు, అలా వదిలితే కూర్చోవాలి. తర్వాత లివర్ దించేటప్పుడు మాత్రం గట్టి బలం కావాలి, భయపడకండి. నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఎగిరి వస్తుంది. దాన్ని పారేయకుండా దాచండి, బోర్డు వారంటీకి పంపాలంటే అది ఉండాల్సిందే.

ఒక్క స్టిక్ కాబట్టి ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, అంటే ఏ2లో పెట్టండి. తర్వాత కొన్నది నాలుగో దాంట్లోకి. స్లాట్లు రెండే ఉన్న బోర్డయితే పుస్తకంలో చెప్పినదాన్ని పాటించండి. ఎస్ఎస్‌డీ ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్న ఎం.2లోకి. పైన హీట్‌సింక్ కింద ఉండే ప్లాస్టిక్ పొర తీయడం చాలామంది మరిచిపోతారు. కూలర్ అడుగున కూడా అలాంటి పొరే ఉంటుంది. థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చేది) బఠాణీ గింజంత, మధ్యలో. కూలర్ స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కోటీ రెండు చుట్లు చొప్పున బిగించాలి. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపుకి వెళితే పేస్టు ఒక పక్కకి జారిపోతుంది.

క్యాబినెట్‌లోకి ఎక్కించకముందే ఒకసారి వెలిగించి చూడండి. 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కి 8 పిన్నులది, మానిటర్ తగిలించి, పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే చాలు. ఈ 8 పిన్నుల దగ్గర పొరపాటు ఎక్కువ. ప్రాసెసర్‌ది 4+4గా చీలుతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6+2గా. పడకపోతే బలవంతం చేయకండి, అది తప్పు కేబుల్.

మొదటిసారి ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది. ఇక్కడే అందరూ కంగారుపడి ఆపేస్తారు. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు మొదటిసారి పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పది నిమిషాలు ముట్టుకోకండి. అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ, డీరామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయేమో చూడండి. డీరామ్ దగ్గర ఆగితే స్టిక్ తీసి, రెండు చివర్లా టక్‌మనేదాకా మళ్లీ నొక్కండి. సీపీయూ దగ్గర ఆగితే ముందు ఆ 8 పిన్నుల కేబుల్ చూడండి. బూట్ లైటు వెలిగితే భయం లేదు, విండోస్ ఇంకా వేయలేదని అర్థం.

క్యాబినెట్‌లో ఎక్కించేటప్పుడు ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న స్తంభాలు) బోర్డు రంధ్రాల కిందే ఉండాలి. రంధ్రం లేనిచోట ఒకటి మిగిలిపోతే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. ప్రాసెసర్ కేబుల్‌ని బోర్డు పెట్టకముందే పై మూల నుంచి లాగి ఉంచుకోండి, తర్వాత చెయ్యి పట్టదు.

తెర వచ్చాక బయోస్‌లో రెండు పనులు: ఎక్స్‌పో ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. ఎస్‌వీఎం మోడ్ (ఏఎండీ వర్చువలైజేషన్) ఆన్‌లో ఉందో లేదో చూడండి, అది ఆఫ్‌లో ఉంటే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ లేవదు. విండోస్ 11కి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్. బోర్డు కంపెనీ సైటు నుంచి ల్యాన్, వైఫై డ్రైవర్లు ముందే ఇంకో పెన్‌డ్రైవ్‌లో దించుకోండి. ఇన్‌స్టాల్ మధ్యలో నెట్ అడుగుతుంది, అప్పటికి ల్యాన్, వైఫై చిప్‌ని విండోస్ గుర్తుపట్టకపోవచ్చు.

రాగితీగ

ఒకటి కలుపుతాను. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే వీలున్న) ఎస్ఎంపీఎస్ కొంటే, మిగిలిన కేబుళ్లు దాని పెట్టెలోనే ఉంచి పేరు రాయండి. భాగాల వైపు కొన ఒకేలా ఉన్నా, ఎస్ఎంపీఎస్ వైపు కొనలో వైర్ల వరస కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారుతుంది. వేరే ఎస్ఎంపీఎస్ కేబుల్ చక్కగా పట్టేస్తుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి హార్డ్‌డిస్క్ కాలిపోతుంది. రేపు పాత హార్డ్‌డిస్క్ తగిలించేటప్పుడు ఇది గుర్తుండాలి. అలాగే గ్రాఫిక్స్ కార్డు పెట్టిన రోజున హెచ్‌డీఎంఐని బోర్డు నుంచి తీసి కార్డుకి మార్చండి. మార్చకపోతే గేమ్ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే నడిచి, కార్డు పని చేయట్లేదేమో అనిపిస్తుంది.

నల్లరేగడి

హెచ్‌డీఎంఐ సంగతి క్యాబినెట్ లోపల చీటీ మీద రాసి అంటిస్తాం. శనివారం వెళ్తున్నాం. మోడల్ నంబర్ల కాగితం సిద్ధంగా ఉంది. సాకెట్ పిన్నులు చూడటానికి తమ్ముడు భూతద్దం కూడా పట్టుకొస్తున్నాడు.